తేమ గడిలో ఐదు

సుగుణమ్మ పేరును డాక్టర్ విజేందర్ తీసేశాడు. మరిచిపోవడం కాదు, పొరపాటు కాదు. తీసేశాడు. ఆయన అచ్చు వేయించిన పరిశోధన పత్రం మీద ఏడుగురి పేర్లున్నాయి. అందులో ఇద్దరు ప్రయోగశాల గడప ఎప్పుడూ దాటలేదు. దీపాలు చేసిన మనిషి పేరు మాత్రం లేదు. పత్రం అచ్చయిన రోజు అందరూ వరుసగా నిలబడి ఫోటో దిగారు. అందులో ఆమె కనిపించదు. ఫోన్ ఆమె చేతికిచ్చి తీయమన్నారు. తీసింది.

ఆమె నా భార్య. పోయి నాలుగేళ్లయింది.

కొత్తగా చదివేవాళ్ల కోసం వెనకటిది నాలుగు ముక్కల్లో చెబుతాను. మాది మోత్కూర్. మగ్గం మీద బతకలేక నల్లగొండకు వచ్చి కిరాయి ఇంట్లో దిగాం. నేను బట్టల దుకాణంలో చేరాను. పదో తరగతి చదివిన సుగుణమ్మ, ఊరి చివరనున్న పరిశోధన కేంద్రంలో పనికి కుదిరింది. గోరంత గాజుపలక మీద పెరోవ్‌స్కైట్ అనే పదార్థాన్ని వెంట్రుక మందంలో వెయ్యో వంతుకన్నా పలుచగా పరిచి, కరెంటు ఇస్తే వెలిగే దీపాలు చేయడం అక్కడి పని. పచ్చగా, కంటికి హాయిగా వెలుగుతాయి. కానీ ఒక రోజు తిరగకుండానే మసకబారి ఆరిపోతాయి. ప్రపంచంలో ఎక్కడ చేసినా ఇదే తంటా. సుగుణమ్మ చేతుల్లో మాత్రం వారాల తరబడి వెలిగాయి. వాటిని చూపించి విజేందర్ పత్రం రాశాడు. గుండె జబ్బుతో ఆమె పని మానుకున్నాక ఆయన దగ్గర ఒక్క దీపం నిలవలేదు. పత్రంలో రాసినట్టే చేసిన బయటి దేశాలవాళ్లకూ నిలవలేదు. అంతా కల్పన అని ఉత్తరాలు వచ్చాయి. విచారణ కమిటీ పడింది. కమిటీ తప్పని తేలిస్తే పత్రం రద్దవుతుంది.

అప్పుడు హఫ్సా మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నకిరేకల్ పిల్ల, విజేందర్ కింద పరిశోధన చేస్తున్నది. సుగుణమ్మ వేరుగా ఏం చేసేదో చెప్పమని అడిగింది. నేను దండెం మీది తువాలను నీళ్లలో ముంచి, పిండి, ఆమె చేతిలో పెట్టాను. పోయిన వారం అక్కడ ఆపాను.

ఎందుకు ఇచ్చావని నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, విజేందర్ మునిగేవాడు. నాలుగేళ్లుగా నేను కోరుకున్నది అదే. కానీ పత్రం పోతే సుగుణమ్మ దీపాలు కూడా అబద్ధమవుతాయి. ఆయన్ను ముంచాలంటే ఆమెనూ ముంచాలి. అందుకే ఇచ్చాను. అయితే హఫ్సాకు తువాల సంగతి చెప్పాను గానీ అన్నీ చెప్పలేదు.

ఆ తువాల ఎందుకో మగ్గం తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మే నెలలో వడగాలి కొడితే పడుగు పోగులు పటపట తెగుతాయి. కిటికీలకు తడి గోనెలు కడతాం. మగ్గం గుంటలో నీళ్లు చల్లుతాం. గాలి కొంచెం చెమ్మగిల్లితే పోగు లొంగుతుంది. నేతింటి ఆడమనిషికి పొడిగాలి అంటే భయం. అది నేర్పితే వచ్చేది కాదు, పెరిగిన ఇంట్లోనే అబ్బుతుంది.

ప్రయోగశాలలో అందరి భయం తడి గురించి. పదార్థం పరిచిన పలకలను ఒక గాజు పెట్టెలో వేడి బిళ్ల మీద కాసేపు ఆరనివ్వాలి. ఆ పెట్టెలో తేమ నూటికి ఐదు పాళ్లు దాటకూడదని గోడ మీద రాసిపెట్టారు. అప్పట్లో పెట్టెలో కొలిచే యంత్రం లేదు, రోజువారీ పుస్తకంలో ఐదనే రాసేవాళ్లు. రెండు వేల పద్దెనిమిది మే నెలలో ఒక రోజు సుగుణమ్మ సూక్ష్మదర్శినిలో పలకను చూసింది. పొర మీద సన్నని పగుళ్లు. ఆమె కంటికి అవి తెగబోయే పోగుల్లా కనిపించాయి. తన తువాల తడిపి, పిండి, నాలుగు మడతలు పెట్టి పెట్టె మూలన ఉంచింది. అక్కడ పనిచేసే ఎవరైనా అది తప్పంటారు. ఆ తప్పు నేతింటి మనిషి తప్ప ఇంకెవరూ చేయరు.

హఫ్సాకు మొదటి రెండుసార్లు కుదరలేదు. పలకలు తెల్లగా పాలిపోయాయి. గుడ్డలో నీళ్లు ఎక్కువున్నాయని నాకు చూడగానే తెలిసింది. పిండిన గుడ్డను చెంపకు ఆనించుకోవాలి. చల్లగా తగలాలి, తడి అంటకూడదు. అదే కొలత. మూడోసారి ఆమె పెట్టెలో యంత్రం పెట్టి కొలిచింది. నూటికి ముప్పై. నాలుగోసారి ఇరవై తొమ్మిది. ఐదోసారి మళ్లీ ముప్పై. ఆ పిల్ల నవ్వుతూ, చెంపను కూడా పరికరాల పట్టికలో రాయాలా కాకా అని అడిగింది. నేను నవ్వలేదు. కానీ ఆ మాట బాగుంది.

ఆమె పన్నెండు దీపాలు చేసింది. ఆరు పుస్తకంలో ఉన్నట్టు, పొడిగా. ఆరు సుగుణమ్మ చేసినట్టు. పన్నెండింటినీ ఒకే చట్రంలో బిగించి, ఒకే కరెంటు ఇచ్చి, గది తలుపుకు కమిటీ చేత సీలు వేయించింది. ముప్పై రోజుల తర్వాత, కమిటీ కూర్చున్న రోజు పొద్దున పదకొండు గంటలకు, వాళ్ల ముందే సీలు తీశారు.

నన్ను సాక్షిగా పిలిచారు. కుర్చీ వేశారు. కూర్చున్నాను.

కమిటీలో ముగ్గురు. వాళ్లలో పెద్ద రోజారమణి గారు, హైదరాబాదు నుంచి వచ్చారు. అరవై దాటిన మనిషి. తక్కువ మాట్లాడతారు, అడిగింది వదిలిపెట్టరు. బల్లకు అవతల విజేందర్. నెల రోజుల్లో సగమైపోయాడు. నాకు జాలి వేయలేదు.

హఫ్సా చట్రాన్ని తెచ్చి బల్ల మీద పెట్టి కరెంటు తగిలించింది. ఎడమ వైపు ఆరు నల్లగా, చచ్చి ఉన్నాయి. కుడి వైపు ఆరు వెలుగుతున్నాయి. నారుమడిలో అప్పుడే లేచిన వరి ఆకు రంగు. కిటికీలోంచి అంత ఎండ పడుతున్నా ఆ ఆరు చుక్కలు కనిపిస్తూనే ఉన్నాయి.

అప్పుడే బక్కమ్మ చాయ్ తెచ్చింది. ఆ కేంద్రంలో పదేళ్లుగా ఊడ్చే మనిషి, సుగుణమ్మతో కలిసి అన్నం తిన్న మనిషి. పళ్లెం పట్టుకుని చట్రం దగ్గర ఆగింది. ఒక వైపు చూసింది, ఇంకో వైపు చూసింది.

"ఆరినయి సారువి, ఎలిగేయి మా సుగుణక్కయి గదా?" అన్నది.

కమిటీలో ఒకాయన నవ్వును చాయ్ కప్పులో దాచుకున్నాడు. విజేందర్ కప్పు తీసుకోలేదు. బక్కమ్మ ఆయన ముందు కప్పు పెట్టి, తనకేమీ తెలియనట్టు వెళ్లిపోయింది.

సీలు వేసిన గదిలో యంత్రం దానంతటదే రాసుకున్న లెక్కలను హఫ్సా చదివింది. పొడిగా చేసిన దీపాల వెలుగు సగానికి పడిపోవడానికి పట్టింది సగటున ఇరవై రెండు గంటలు. తడిగుడ్డ దీపాలు ఏడు వందల ఇరవై గంటల తర్వాత కూడా నూటికి ఎనభై ఒక్క పాళ్లు వెలుగుతున్నాయి. ఇంకోటి. లోపలికి పంపిన ప్రతి వంద ఎలక్ట్రాన్లకు పొడి దీపాల నుంచి బయటకు వచ్చిన వెలుగు కణాలు తొమ్మిది. తడిగుడ్డ దీపాల నుంచి ఇరవై ఒకటి. అంటే ఎక్కువ కాలం బతకడమే కాదు, తిన్నదాన్ని దండగ చేయకుండా వెలుగుతున్నాయి.

ఎందుకలా అని రోజారమణి గారు అడిగారు. హఫ్సా నాకు కూడా అర్థమయ్యేట్టు చెప్పింది. ఆ పొర అంతా చిన్న చిన్న గింజలు. గబగబా ఎండితే గింజకూ గింజకూ మధ్య సందులు మిగులుతాయి. కరెంటు ఆ సందుల్లో పడి వెలుగు కాకుండా వేడి అవుతుంది. పొరలోని అణువులు ఆ సందుల వెంటే జరిగిపోయి దీపాన్ని లోపలి నుంచి తింటాయి. కాస్త తేమ తగిలితే గింజలు మెత్తబడి, సర్దుకుని, పెరిగి, ఒకదానికొకటి ఆనుకుంటాయి. సందులు మూసుకుంటాయి. తేమ ఎక్కువైతే మొత్తం పాడు. ముప్పై దగ్గర ఉండాలి. సుగుణమ్మ ప్రతిసారీ ముప్పై దగ్గరే ఉంచింది, యంత్రం లేకుండా.

ఆ మాట నా చెవులతో విన్నాను. ముగ్గురు చదువుకున్నవాళ్లు దాన్ని కాగితం మీద రాసుకోవడం నా కళ్లతో చూశాను. నాలుగేళ్లలో ఆ రోజు మొదటిసారి వీపు ఆనించి కూర్చున్నాను.

తేమను కచ్చితంగా అదుపు చేసే పెట్టెను విజేందర్ బయటి దేశం నుంచి తెప్పించాడని, దాన్ని ఐదు మీద పెట్టి రెండేళ్లు దీపాలు చేశాడని హఫ్సా చెప్పింది. ఒక్కటీ నిలవలేదు. నేను ఊరుకోలేకపోయాను.

"సుక్క నీళ్లు లేక ఆ పెట్టె దూపకు సచ్చింది సార్" అన్నాను.

అక్కడితో విజేందర్ ఓపిక అయిపోయింది. అప్పటిదాకా ఇంగ్లీషులో మాట్లాడిన మనిషి తన ఊరు తిరుమలగిరి మాటలోకి దిగాడు. సంచిలోంచి లావు పుస్తకం తీసి బల్ల మీద వేశాడు. ప్రయోగశాల దినచర్య. తేదీ, పలకల సంఖ్య, వేడి, తేమ. గడులన్నీ సుగుణమ్మ చేతిరాతతో నిండి ఉన్నాయి. గుండ్రటి అంకెలు.

"మేడం, జర చూడున్రి. తేమ గడిల రోజూ ఐదే. పదమూడు నెలలు ఐదు. ఆమె చేతిరాతనే. నేను గదే నమ్మిన, గదే అచ్చేసిన. లోకమంత నన్ను దొంగ అంటున్నది. మరి అబద్ధం రాసింది ఎవరు?"

రోజారమణి గారు పుటలు తిప్పారు. ఐదు. ఐదు. ఐదు. పుస్తకాన్ని నా వైపు తిప్పారు. తడిగుడ్డ ఉన్న పెట్టెలో తేమ ఐదు ఉండడం కుదరదని, ఈ గడులు తప్పని మెల్లగా అన్నారు. ఆమె ఎందుకలా రాసిందో నాకేమైనా తెలుసా అని అడిగారు.

నాకు తెలియదంటే సరిపోయేది. చచ్చిపోయిన మనిషి తెలియక రాసింది అని వాళ్లే సర్దుకునేవాళ్లు. హఫ్సా నా వైపు చూసి, చెప్పకపోయినా ఫరవాలేదు అన్నట్టు తల ఊపింది. కానీ అప్పుడు ఆ పుస్తకంలో సుగుణమ్మ ఏమవుతుంది? అబద్ధం రాసిన పనిమనిషి అవుతుంది. దీపం ఆమెదని ఒక చేత్తో రాసి, అబద్ధం కూడా ఆమెదని ఇంకో చేత్తో రాస్తారు.

లేచి నిలబడ్డాను.

"ఐదు అని నేనే రాయమన్న" అన్నాను.

మొత్తం చెప్పాను. తువాల పెట్టిన రోజు ఆమె సాయంత్రం ఇంటికి వచ్చింది. ముఖం వెలిగిపోతున్నది. గిట్ల చేసిన, పగుళ్లు రాలే, రేపు సార్‌కు చెప్తా అన్నది. నేను వద్దన్నాను. వాళ్లు తడి రానియ్యొద్దు అని గోడ మీద రాసుకుంటే, నువ్వు తీసుకపోయి తడిగుడ్డ పెట్టినవా అన్నాను. తెలిస్తే గేటు బయట నిలబెడతారు అన్నాను. అప్పుడు ఆ ఉద్యోగం పోతే మళ్లీ మోత్కూర్ బస్సెక్కడమే. గడిలో రోజూ రాసే అంకెనే రాయి, గుడ్డ సంగతి నోట రానీయకు అన్నాను. ఆమె నా మాట విన్నది. దీపాలు నిలబడ్డకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. పదమూడు నెలలు విన్నది.

విజేందర్ కుర్చీలో వెనక్కి వాలాడు. గెలిచినవాడి ముఖం కాదు. అలసిన ముఖం.

"నేను మూడుసార్లు అడిగిన సీతారాములన్నా" అన్నాడు. ఆయన నన్ను అన్నా అనడం అదే మొదలు. "సుగుణమ్మా, నీ చేతిల ఏమున్నది, చెప్పు, నీ పేరు పెడ్త అన్న. ఏం లేదు సార్, మీరు చెప్పినట్టే చేస్తున్న అన్నది. నేనేం రాయాలె మరి?"

ఆ మాట నిజమై ఉంటుంది. అది విన్నాక నా తల వంగాలి అని అందరూ అనుకుని ఉంటారు. వంగలేదు. నా తప్పు నాది, దాన్ని ఒప్పుకున్నాను. ఆయన తప్పు ఆయనది.

"గుడ్డ సంగతి మీకు తెల్వది, ఒప్పుకుంట" అన్నాను. "పలకలు కడిగిందెవరో తెల్వదా? పొర పరిచిందెవరో తెల్వదా? పదమూడు నెలలు మీ దీపాలు ఎవరి చేతుల మీదుగ వచ్చినయో మీకు తెలుసు సార్. గడప దాటనోళ్ల పేర్లు పెట్టినప్పుడు గా చేతులు యాదికి రాలేదా?"

రోజారమణి గారు ఇది కూడా రాసుకోండి అని పక్కనున్న ఆయనకు చెప్పారు.

వాళ్లు ముగ్గురూ లోపలి గదిలోకి వెళ్లి అర్ధగంటలో వచ్చారు. తీర్పు చిన్నది. దీపాలు నిజం. పత్రం రద్దు కాదు, సవరణ అవుతుంది. తేమ ఐదు కాదు, ముప్పై అని వేయాలి. దినచర్యలో అంకె ఎందుకు తప్పు పడిందో నేను చెప్పింది చెప్పినట్టు వేయాలి. పత్రానికి మొదటి పేరు సుగుణమ్మది. ఇక ముందు ఈ పద్ధతితో ఎవరు దీపం చేసినా ఆ పేరును చెప్పి చేయాలి. పని చేయనివారి పేర్లు ఉంచాలా తీసేయాలా అన్నది విజేందరే, కారణం రాసి, సంతకం పెట్టి తేల్చాలి.

సవరణ కాగితం అక్కడే రాయించారు. విజేందర్ కలం తీశాడు. మొదటి గడి దగ్గర ఆగాడు. తల ఎత్తకుండా ఇంటిపేరు అడిగాడు. రెండేళ్లు తన గదిలో పనిచేసిన మనిషి ఇంటిపేరు ఆయనకు తెలియదు.

"కర్నాటి" అన్నాను. "కర్నాటి సుగుణమ్మ."

రాశాడు. ఒక్కో అక్షరం పడుతుంటే నేను పక్కనే నిలబడి చూశాను. కింద తన పేరు రాశాడు. ఆ తర్వాత రెండు పేర్ల మీద గీత గీశాడు. ఎవరివో నాకు తెలుసు. హఫ్సా చట్రం పక్కన నిలబడి ఏడుస్తూ నవ్వుతున్నది. ఆమె నాలుగేళ్ల చదువు కూడా ఆ ఆరు దీపాల మీదే ఆధారపడి ఉంది మరి. కాకా, గెలిచినం అన్నది. అవును బిడ్డా అన్నాను. నిజంగానే గెలిచాం. నా జీవితంలో అంతటి గెలుపు ఇంకోటి లేదు. ఆ రోజు కేంద్రంలో ఉన్నవాళ్లంతా ఒక్కొక్కరే ఆ గదికి వచ్చి దీపాలు చూసి వెళ్లారు. బక్కమ్మ గుమ్మం దగ్గర నిలబడి, వచ్చిన ప్రతివాళ్లకూ ఇవి ఎవరివో చెప్పింది. ఎవరూ అడగకపోయినా చెప్పింది.

నేను వరండాలోకి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే వెనక అడుగులు వినిపించాయి. విజేందర్. ఒక్కడే వచ్చాడు. ఎండ కళ్లలో పడుతున్నా పక్కకు జరగలేదు.

క్షమించమని అడుగుతాడనుకున్నాను. అడిగితే ఇవ్వకూడదని ముందే అనుకున్నాను. ఆయన అది అడగలేదు.

"నువ్వు చెప్పొద్దు అన్న దినం" అన్నాడు, "ఆమె ఏమన్నది? ఊరికెనే ఒప్పుకునే మనిషి కాదు సుగుణమ్మ. నాకు తెలుసు. ఏమన్నదన్నా?"

ఆయన సూటిగా నా ముఖంలోకి చూస్తున్నాడు. కమిటీ అడగని ప్రశ్న. హఫ్సాకు తోచని ప్రశ్న. అన్నీ చెప్పానని లోపల అందరూ నమ్మారు. ఈయన ఒక్కడు నమ్మలేదు.

సుగుణమ్మ ఆ సాయంత్రం ఒక మాట అన్నది. ఒక్కటే మాట. అని, లేచి, పొయ్యి దగ్గరికి వెళ్లింది. ఆ తర్వాత బతికినన్నాళ్లు మళ్లీ అనలేదు.

"ఆమె పేరు రాసిన్రు. గంతే కావాలె నాకు" అన్నాను. "ఆ మాట మీకు చెప్ప. ఎవ్వలకు చెప్ప. ఇంకోసారి అడగొద్దు."

ఆయన కదలలేదు. నేను మెట్లు దిగాను.

ఈ కథలో చెప్పాల్సింది ఇంకా ఉంది, చెబుతాను. ఆ సాయంత్రం గురించి మాత్రం ఇదే ఆఖరు. ఇక దాని గురించి నేను మాట్లాడను.